తూము లేని చెఱువు – దేహములోని ఇనుము



ఇనుమనగానే మనకు నాగలి కఱ్ఱు, కొడవలి, బండిచక్రపు పట్టా, రైలు కమ్మి స్ఫురించును. మన తెలంగాణమున ఈ లోహమునకు గొప్ప చరిత్ర కలదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున కొలుములయందు సిద్ధమైన ఉక్కును కొనుటకై పూర్వము పారశీక వర్తకులు వచ్చుచుండిరి. అట్టి నేలపై నివసించు మన స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది నేడు రక్తహీనతతో నున్నారనిన వినుటకు వింతగా నుండును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో తెలంగాణమున నూటికి 57.6 మందికిని, ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని రక్తహీనత కలదు. దీనికి కారణములు పెక్కులు; వానిలో ముఖ్యమైనది ఇనుము చాలకుండుట.

మన నిఘంటువులలో రక్తమునకు 'లోహితము' అని యొక పేరున్నది. 'లోహ' శబ్దమునకు తొలుత ఎఱ్ఱనిది యను నర్థము. అది మొదట రాగికి చెల్లి, పిమ్మట లోహములన్నిటికిని, విశేషముగా ఇనుమునకును వ్యాపించెను. కనుక రక్తమునకును లోహమునకును పేరు కలిసినది ఎఱుపుదనముచేతనే కాని, రక్తమున ఇనుమున్నదని తెలిసి కాదు. అయినను మన వైద్యులు అనుభవబలముచేత పాండురోగమునకు లోహయోగములను వాడిరి. చరకసంహితలో చెప్పిన నవాయసచూర్ణము అట్టిది. అనుభవమునకు అందిన యీ సంబంధమునకు కారణమేమి? దేహము ఇనుమును ఎట్లు తెచ్చుకొనును, ఎట్లు మోసికొని పోవును, ఎచ్చట దాచుకొనును, ఎక్కువ తక్కువలను ఎట్లు సరిచూచుకొనును? ఇదియే నేటి ప్రసంగ విషయము.

పెరిగిన మనుష్యుని దేహమున ఉండు ఇనుమంతయు కలిపి 3 లేక 4 గ్రాములు మాత్రమే. ఒకటి రెండు చిన్న మేకులకు సరిపోవును. ఇందు మూడింట రెండు పాళ్లు రక్తమునకు ఎఱుపు నిచ్చు హిమోగ్లోబిన్ అను పదార్థమున నున్నవి. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువునందు నాలుగు ఇనుప పరమాణువులు కూర్చుండి, ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని, అవయవములకు చేర్చి విడిచిపెట్టుచుండును. మిగిలిన దానిలో కొంత కండరములందును, జీవకణములలో శక్తిని పుట్టించు యంత్రములందును పనిచేయుచుండును. తక్కినది కాలేయము మొదలగు చోట్ల నిలువ యుండును. ఈ నిలువ ఆరోగ్యవంతుడైన పురుషునకు ఒక గ్రాము వఱకు ఉండగా, స్త్రీకి సాధారణముగ అందులో మూడవ వంతు మాత్రమే యుండును.

ఇంత యుపయోగకరమైన వస్తువును దేహము ఎంత జాగ్రత్తతో వాడుచున్నదో గమనింపుడు. తడి తగిలిన ఇనుము త్రుప్పు పట్టుట మన మెఱిగినదే. గాలితో కలియుటకు దానికి గల ఆతురతయే ఆ త్రుప్పునకు మూలము. ఆ ఆతురతచేతనే అది ప్రాణవాయువును మోయగలుగుచున్నది. కాని కట్టులేని ఇనుము రక్తమున స్వేచ్ఛగా తిరిగినచో, తాకిన కణముల పొరలను, అందలి జీవద్రవ్యములను చెఱచివేయును. పైగా రోగక్రిములకు కూడ ఇనుము అత్యవసరము. విడిగా దొరకినచో అవి విజృంభించును. కనుక దేహము ఇనుమును ఒంటరిగా వీథిలోనికి పంపదు. కాలేయమున తయారగు ట్రాన్స్‌ఫెర్రిన్ అను వాహకము రక్తమున తిరుగుచుండును. అది రెండే ఆసనములు గల బండి వంటిది. ఒక్కొక్కదాని యందు రెండు ఇనుప పరమాణువులు మాత్రమే కూర్చుండగలవు. అది వానిని ఎముకల మూలుగకు చేర్చి, దింపి, ఉత్తబండిగా తిరిగివచ్చి మరల ఎక్కించుకొనును. నిలువ చేయవలసిన ఇనుమునకు ఫెర్రిటిన్ అను గాదె కలదు. గుల్లగా నుండు ఈ గాదె యొకదానిలో 4500 పరమాణువుల వఱకు పట్టును. ఆ గాదెల నుండి కొంచెముగా రక్తములోనికి జాఱు ఫెర్రిటిన్‌ను కొలిచియే నేటి వైద్యులు దేహములోని నిలువ ఎంతయో అంచనా వేయుచున్నారు.

ఇక దినసరి జమాఖర్చు చూతము. మన ఎఱ్ఱకణము ఒకటి సుమారు 120 దినములు బ్రదుకును. ప్రతి క్షణమును 20 లక్షలకు పైగా ముదుసలి కణములు నశించుచుండగా, అన్ని క్రొత్తకణములు మూలుగలో పుట్టుచుండును. వీనిని నిర్మించుటకు దినమునకు 20 మొదలు 25 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. ఇదంతయు అన్నము నుండి వచ్చుచున్నదని తలపవలదు. ప్లీహమునందును కాలేయమునందును ఉండు భక్షకకణములు ముదుసలి ఎఱ్ఱకణములను మ్రింగి, వానిలోని ఇనుమును వేఱు చేసి, మరల రక్తమునకు అప్పగించును. పాతయింటి దూలములతోనే క్రొత్తయిల్లు కట్టుకొను గృహస్థు వలె దేహము ఉన్న ఇనుమునే త్రిప్పి త్రిప్పి వాడుకొనును. ఆహారము నుండి ప్రతిదినమును లోనికి పోవునది 1 లేక 2 మిల్లీగ్రాములు మాత్రమే. రాలిపోవు చర్మకణములు, ప్రేగుగోడల కణములు మొదలగువానితో వెలికి పోవునదియు దాదాపు అంతే.

ఇక్కడనే ముఖ్యమైన రహస్యమున్నది. ఉప్పు ఎక్కువైనచో మూత్రమున పోవును. నీరు ఎక్కువైనను అంతే. ఇనుము ఎక్కువైనచో దానిని వెలికి పంపుటకు దేహమునకు ఏ మార్గమును లేదు. ఈ విషయమును ఇంగ్లండు దేశమున మెకాన్సు, విడోసన్ అను శాస్త్రజ్ఞులు 1937వ సంవత్సర ప్రాంతమున తూచి కొలిచి నిరూపించిరి.

మదీనాగూడ, మియాపూరు, చందానగరు ప్రాంతములు నేడు మేడలతో నిండి, హైటెక్ సిటీకి పోవు ఉద్యోగులకు నివాసములైనవి. అయినను మియాపూరు పటేల్ చెఱువు, చందానగరు గంగారం చెఱువు ఇంకను ఆ పేళ్లతోనే యున్నవి. చెఱువు కట్టించిన మన పెద్దలు దానికి మూడేర్పాట్లు చేయుచుండిరి. నీరు వచ్చుటకు కాలువ, పొలములకు విడుచుటకు తూము, ఎక్కువైన నీరు కట్టను తెంపక పొరలిపోవుటకు మత్తడి. మన దేహమను ఇనుప చెఱువునకు కాలువ యున్నది. తూము లేదు, మత్తడి లేదు. అట్టి చెఱువును ఎండకుండను, తెగకుండను కాపాడవలెనన్నచో ఒకటే ఉపాయము. కాలువ మొగదలనే నమ్మకమైన నీరటికాని నిలుపవలెను. ఇనుము గుఱించిన ఆరోగ్యమును అనారోగ్యమును అంతయు ఈ యొక్క మాటనుండియే తేటపడును.

ఆ కాలువ మొగ యెక్కడ? జీర్ణాశయమునకు తరువాత నుండు చిన్నప్రేగు తొలిభాగమున. అచ్చటి కణములు ఆహారములోని ఇనుమును ఒకవైపున లోనికి తీసికొనును; రెండవవైపున రక్తములోనికి విడుచును. ఈ విడుచు తలుపునకు ఫెర్రోపోర్టిన్ అని పేరు. భక్షకకణములు తాము కూడబెట్టిన ఇనుమును రక్తమునకు ఇచ్చునదియు, కాలేయము తన నిలువను విడుచునదియు ఈ తలుపుద్వారానే. తలుపు తెలిసినది 2000వ సంవత్సరమున. దానిని మూయు నీరటికాడు కూడ ఆ కాలముననే పట్టుబడెను. 2000, 2001 సంవత్సరములలో జర్మనీయందును అమెరికాయందును శాస్త్రజ్ఞులు, క్రిములను చంపు పదార్థములను వెదకుచు, కాలేయమున పుట్టు ఒక చిన్న మాంసకృత్తును కనుగొనిరి. అందున్నవి 25 అమైనో ఆమ్లములు మాత్రమే. దానికి హెప్సిడిన్ అని పేరిడిరి. దాని అసలుపని ఇనుము లెక్క చూచుటయని పిమ్మట తెలిసినది. హెప్సిడిన్ పోయి ఫెర్రోపోర్టిన్ తలుపును తాకగానే, కణము ఆ తలుపును లోనికి లాగికొని నశింపజేయునని 2004లో వెల్లడియైనది. తలుపు లేని ప్రేగుకణములో ఇనుము చిక్కుకొని యుండును; మూడు నాలుగు దినములలో ఆ కణము రాలి మలముతో పోవునపుడు ఇనుమును దానితోనే పోవును.

అనగా హెప్సిడిన్ ఎక్కువైనచో త్రోవ మూయబడును, తక్కువైనచో తెఱవబడును. ఈ నీరటికానికి నాలుగు వైపులనుండి వార్తలు వచ్చుచుండును. నిలువ నిండినదని కాలేయము తెలుపగానే హెప్సిడిన్ పెరుగును. రక్తము చాలదు, క్రొత్తకణములు కావలెనని మూలుగ మొఱపెట్టినచో అది తగ్గును. ఆ మొఱను కొనిపోవు దూతయగు ఎరిత్రోఫెర్రోన్ అను పదార్థము 2014లో తెలియవచ్చెను. ప్రాణవాయువు కొఱతపడినను హెప్సిడిన్ తగ్గును. నాలుగవది జ్వరము, వాపు, దీర్ఘరోగము. అపుడు హెప్సిడిన్ మిక్కిలి పెరుగును. శత్రువు దండెత్తినపుడు ధాన్యమును కోటలో దాచి బావులను మూయు రాజు వలె, దేహము ఇనుమును కణములలో బంధించి క్రిములకు అందకుండ చేయును. ఇది నాలుగు దినముల జ్వరమున మేలు. కాని క్షయ, కీళ్లవాతము, మూత్రపిండ వ్యాధి వంటివి ఏండ్ల తరబడి యున్నచో, గాదెలలో ఇనుముండియు మూలుగకు అందక రక్తహీనత కలుగును. అట్టివారికి ఊరక ఇనుపమాత్రలు మ్రింగించుట మూసిన తలుపు ముందర మూటలు దింపుట వంటిది. అసలు రోగమును కుదుర్చవలెను.

ఇక కొఱత ఎట్లు వచ్చునో చూతము. నిలువ యున్నంతకాలము దేహము బయటికి ఏమియు కనపడనీయదు. ముందు గాదెలు ఖాళీ యగును. పిదప ట్రాన్స్‌ఫెర్రిన్ బండ్లు ఉత్తవిగా తిరుగును. హిమోగ్లోబిన్ తగ్గుట చిట్టచివర. గర్భము లేని స్త్రీకి డెసిలీటరు రక్తమునకు 12 గ్రాములకు, గర్భిణికి సాధారణముగ 11కు, పురుషునకు 13కు లోపడినచో రక్తహీనత యని ప్రపంచారోగ్య సంస్థ నిర్ణయము. అలసట, మెట్లెక్కునపుడు ఆయాసము, గుండెదడ, తలత్రిప్పుట, కనురెప్పల లోపల పాలిపోవుట దీని చిహ్నములు. కొందఱికి మట్టి, బలపము, పచ్చిబియ్యము తినవలెనను కోరిక పుట్టును. బాలిక తరగతిలో మందముగా నుండి, పాఠము తలకెక్కకున్నచో, మనము సోమరితనమని తిట్టుదుము. ఆ తిట్టునకు ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుట న్యాయము.

స్త్రీలకే ఈ బాధ యెక్కువగుటకు లెక్క సులభము. ఒక మిల్లీలీటరు రక్తమున సుమారు అర మిల్లీగ్రాము ఇనుముండును. నెలనెల పోవు రక్తముతో సాధారణముగ 15 మొదలు 20 మిల్లీగ్రాములు పోవును. ఒక్కొక్క గర్భధారణమునకు, శిశువునకును మాయకును తల్లి రక్తము పెరుగుటకును కాన్పునకును కలిపి, దాదాపు ఒక గ్రాము ఇనుము కావలెను. తల్లి నిలువ యంతయు ఇచ్చినను చాలదు. అందుచేతనే గర్భిణికి మాత్ర లీయవలసియున్నది. పురుషుని సంగతి వేఱు. అతని దేహమునుండి ఇనుము పెద్దమొత్తమున పోవుటకు రక్తస్రావము తప్ప మార్గము లేదు. కనుక పురుషునకు గాని, ముట్లుడిగిన స్త్రీకి గాని ఇనుము కొఱత కనపడినచో, ఎక్కడనో రక్తము పోవుచున్నదని వైద్యుడు వెదకవలెను. జీర్ణాశయపు పుండు, మొలలు, ప్రేగులోని కంతి, రక్తము పీల్చు కొంకిపురుగులు – ఇందేదైన కావచ్చును. మాత్రతో రంగు తిరిగినదని ఊరకుండరాదు.

ఆహార విషయమున రెండు తెఱగుల ఇనుమున్నది. మాంసము, చేపలలోని ఇనుము సులభముగ లోనికి పోవును. ఆకుకూరలు, పప్పులు, ధాన్యములలోని ఇనుము కష్టముగ పోవును. తిన్నదానిలో పదవవంతు కూడ తఱచుగా రక్తమున చేరదు. కాని దానిని సులభము చేయుట మన చేతిలో నున్నది. నిమ్మరసము, ఉసిరి, జామపండు వంటివానిలోని సి విటమిను దానికి తోడ్పడును. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకొనుట రుచికి మాత్రమే కాదు. ఇనుప మూకుడులో పులుసుకూర వండినచో కొంత ఇనుము కూరలోనికి దిగును. టీ, కాఫీలలోని వగరు ద్రవ్యము ఇనుమును పట్టి బంధించును. భోజనముతోను, భోజనమైన వెంటనేను టీ త్రాగు అలవాటు కార్యాలయములలో మిక్కుటముగ నున్నది. ఒక గంట యెడము పాటించుట ఖర్చులేని చికిత్స.

ఈ విషయమున మన భాగ్యనగరము చేసిన కృషి స్మరింపదగినది. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, తార్నాకలో వెలసిన జాతీయ పోషకాహార సంస్థ ఉప్పునకు ఇనుమును కలుపు విధానమును, పిమ్మట ఇనుము అయోడిను రెంటిని కలుపు విధానమును రూపొందించినది. మదీనాగూడ మీదుగా పోవు రాజమార్గముననే పడమటికి సాగినచో పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ యున్నది. మెట్టపైరుల పరిశోధనకై వెలసిన ఆ సంస్థ ధనశక్తి అను సజ్జవంగడమును సిద్ధపఱచినది. అందు కిలోకు సుమారు 70 మిల్లీగ్రాముల ఇనుముండును. మన తాతలు తిన్న సజ్జరొట్టెకు శాస్త్రము మరల పీట వేసినదన్నమాట.

కొఱత ముదిరినపుడు ఆహార మొక్కటే చాలదు, మాత్ర కావలెను. 1970లో మన ప్రభుత్వము గర్భిణులకును పిల్లలకును ఈ మాత్రల నిచ్చు ప్రణాళికను ప్రారంభించినది. 2018 నుండి రక్తహీనత లేని భారతమను పేర అది విస్తరించినది. పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు నీలిమాత్ర దానిలోనిదే. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లముండును. 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయించిన బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను ప్రేగువ్యాధి వారి సోదరుని బలిగొన్నది. వారిని కూడ పీడించినది. ఆ వ్యాధివలన కలుగు రక్తహీనతకు ఆ ఆమ్లమే మందైనది. మాత్రను మ్రింగుటకు విసుగుకొను బాలికలకు ఈ సంగతి చెప్పుడు.

మాత్రను నిమ్మనీటితో పుచ్చుకొనవలెను. పాలు, టీలతోను, కాల్షియము మాత్రతోను కాదు. మలము నల్లబడును, భయము లేదు. హిమోగ్లోబిన్ సరియైనవెంటనే మానరాదు. గాదె నిండుటకై సాధారణముగ మఱి మూడు నెలలు వాడవలెను. రెట్టింపు మాత్రలు మ్రింగినచో రెట్టింపు లాభము కలుగదు. ఒక మాత్ర వేయగానే హెప్సిడిన్ లేచి మఱునాటి వఱకు తలుపును కొంత మూయును. దినము విడిచి దినము ఇచ్చినపుడు ఒక్కొక్క మాత్రనుండి ఎక్కువ ఇనుము లోనికి పోవుచున్నదని స్విట్జర్లండున ఇనుము తక్కువగానున్న స్త్రీలయందు చేసిన పరిశీలన 2017లో తెలిపినది. గర్భిణులు మాత్రము వైద్యుడు నిర్ణయించిన వరుసనే పాటింపవలెను. మఱియొక హెచ్చరిక. రంగుమాత్రలను మిఠాయిలనుకొని పసిబిడ్డలు గుప్పెడు మ్రింగినచో, నీరటికాడు ఆపలేనంత వెల్లువ వచ్చి ప్రాణాపాయము కలుగును. మాత్రలను పిల్లలకు అందని చోట దాచవలెను.

కొఱత గుఱించి చెప్పితిని. ఇక తెగిన కట్ట సంగతి. తలసీమియా యను వంశానుగత వ్యాధి గల పిల్లల మూలుగలో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. వారికి రెండు మొదలు నాలుగు వారముల కొకసారి పరుల రక్తము ఎక్కింపవలెను. ఒక్కొక్క సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుముండును. మనము నాలుగైదు నెలలలో అన్నమునుండి తీసికొను ఇనుము ఆ బిడ్డకు ఒక్క పూటలో, కాలువ మొగను తప్పించుకొని, నేరుగా చెఱువులో పడుచున్నది. ఇంతేకాక, రక్తము చాలదని మూలుగ నిరంతరము మొఱపెట్టుటచేత నీరటికాడు మోసపోయి, నిండిన చెఱువునకే కాలువను ఇంకను తెఱచును. తూము లేదు గదా! ఆ ఇనుము గుండెలో, కాలేయమున, గ్రంథులలో పేరుకొని ప్రాణము తీయును. అందుచేత మనుష్యుడే మందులతో తూమును కల్పింపవలసివచ్చినది. డెఫెరోక్సమిన్, డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ అను ఔషధములు ఇనుమును పట్టుకొని మూత్రముతోనో మలముతోనో వెలికి తెచ్చును. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సంఘము ఇట్టి పిల్లలకు రక్తమెక్కించుటయందును చికిత్సయందును పాటుపడుచున్నది.

ఈ వ్యాధి బీజమును ఒక్కపాలు మాత్రము మోయువారు ఆరోగ్యముగనే యుందురు. కాని వారి ఎఱ్ఱకణములు చిన్నవిగా కనపడి ఇనుము కొఱతయను భ్రాంతి కలిగించును. అట్టివారు ఫెర్రిటిన్ పరీక్ష లేకయే ఏండ్ల తరబడి ఇనుము మ్రింగుట తగదు. అట్టి బీజము గల ఇరువురు వివాహమాడినచో, ప్రతి కాన్పునను నాలుగింట ఒక పాలు వ్యాధిగ్రస్తమైన శిశువు పుట్టు అవకాశమున్నది. జాతకములు చూచు తల్లిదండ్రులు ఈ యొక్క రక్తపరీక్ష కూడ చూచుకొనుట మేలు.

ఇంతకును తేలిన దేమి? ఇనుము బలము గనుక ఎంతైన తినవచ్చుననుట తప్పు. వేడిచేయునని మానివేయుటయు తప్పు. లోనికి ఎంత రావలెనో దేహమునకు తెలియును. వచ్చినదానిని వెలికి త్రోయుట దానికి తెలియదు. కనుక కొఱత యున్నదో, ఎక్కువ యున్నదో పరీక్షచేత తెలిసికొని నడచుకొనవలెను. పరీక్షలో కొఱత తేలిన యింటి ఆడపిల్లకు మాత్రను ఆలస్యము చేయరాదు. మన యిండ్లలో అందఱికిని వడ్డించి, మిగిలినది తాను తిను ఇల్లాలి గాదెయే అన్నిటికంటె ముందు ఖాళీ యగుచున్నది. ఈ ప్రసంగము వినినవారు రేపటినుండి ఆమె కంచములో ముందుగా పప్పును ఆకుకూరను వడ్డించి, ప్రక్కన ఒక నిమ్మబద్ద నుంచినచో నా మాటలు సార్థకములు.